క్రైస్తవ కళాశాలలో పాఠం చెప్పబోయేవాళ్లకు ఒక కెమిస్ట్రీ లెక్చరర్ మాటలు

కొత్తగా చేరిన లెక్చరర్లను మొదటి ఏడాది ఓ కంట కనిపెట్టి ఉండే పని మా కాలేజీలో నాది. వాళ్లలో భక్తిపరులు అడిగే మొదటి ప్రశ్న దాదాపు ఒకటే: “మేడమ్, క్లాసులో దేవుడి మాట ఎప్పుడు ఎత్తాలి?” నేను తిరిగి అడుగుతాను: “పోయిన వారం తీసుకున్న రికార్డులు దిద్ది ఎప్పుడిస్తున్నారు?” కొందరు నవ్వేస్తారు, కొందరు నొచ్చుకుంటారు. ఎగతాళికి మాత్రం అడగను. టీచరు విశ్వాసం పిల్లల చేతికి మొట్టమొదట అందేది దిద్దిన కాగితం రూపంలోనే. చాపెల్‌లో, అంటే కాలేజీ ప్రార్థన మందిరంలో, మీరు చేసిన ప్రార్థన వాళ్లకు గుర్తుండకపోవచ్చు. నెలరోజులు మీ బల్ల మీద దుమ్ము పట్టిన రికార్డు మాత్రం గుర్తుంటుంది.

పిలుపు ఉందా లేదా

ఈ పనికి దేవుడి పిలుపు అనగానే స్వరం వినపడాలి, కల రావాలి అనుకునేవాళ్లు ఉన్నారు. ఆ గుర్తు కోసం నెలల తరబడి ఎదురుచూస్తూ టెన్షన్ పడి, అప్లికేషన్ గడువు దాటబెట్టుకున్నవాళ్లూ ఉన్నారు. సన్యాసులకు, మతగురువులకు మాత్రమే పిలుపు ఉంటుందన్న నమ్మకాన్ని 16వ శతాబ్దంలోనే క్రైస్తవ సంస్కర్త మార్టిన్ లూథర్ కొట్టిపారేశాడు. పసిబిడ్డ గుడ్డలు ఉతికే తండ్రి విశ్వాసంతో ఆ పని చేస్తే దేవుడు సంతోషిస్తాడని, చూసి నవ్వేవాళ్లే మూర్ఖులని 1522లో రాశాడు. గుడ్డలు ఉతకడానికే పిలుపు ఉన్నప్పుడు పరీక్ష పేపర్లు దిద్దడానికి ఎందుకు ఉండదు?

కాబట్టి స్వరం సంగతి పక్కనపెట్టి మామూలు విషయాలు చూసుకోండి. జీతం, పరీక్ష ఏవీ లేకపోయినా మీ సబ్జెక్టు పుస్తకం తెరవాలనిపిస్తుందా? విద్యార్థి తప్పు జవాబు చెప్పినప్పుడు ముందు విసుగు వస్తుందా, “వీడికి ఇలా ఎందుకు తోచింది?” అన్న కుతూహలం వస్తుందా? మీరు చెబితే అర్థమైందని మీ ఇంట్లోవాళ్లు కాక ఇంకెవరైనా అన్నారా? ఈ చివరిదాన్ని చాలామంది వదిలేస్తారు. తన పిలుపును తానే ఖాయం చేసుకునే మనిషంటే నాకు కాస్త భయం. బైబిల్‌లోని యాకోబు పత్రిక మూడో అధ్యాయం మొదటి వచనం కూడా చదవండి. బోధకులకు తీర్పు మరింత కఠినంగా ఉంటుంది, అందుకని మీలో ఎక్కువమంది బోధకులు కావద్దని అక్కడ హెచ్చరిక ఉంది. ఉద్యోగ ప్రకటన కింద ఆ వచనం అచ్చువేస్తే అప్లికేషన్లు బాగా తగ్గుతాయి.

చేరే ముందు ఆ కాలేజీ నియమావళి తెప్పించుకుని చదవండి. క్రైస్తవ కళాశాలలన్నీ ఒకలా ఉండవు. కొన్నిచోట్ల విశ్వాస ప్రకటన మీద టీచర్లు సంతకం పెట్టాలి. కొన్నిచోట్ల ఆ ఊసే ఉండదు. ఇంకొన్నిచోట్ల క్రైస్తవం పేరులోనూ గోడ మీది సిలువలోనూ మాత్రమే మిగిలింది. కాథలిక్ విశ్వవిద్యాలయాల కోసం 1990లో పోప్ రెండో జాన్ పాల్ ఇచ్చిన శాసనంలో రెండు షరతులూ పక్కపక్కనే ఉన్నాయి: సంస్థ స్వభావాన్ని టీచర్లు గౌరవించాలి, ప్రతి ఒక్కరి మనస్సాక్షి స్వేచ్ఛను సంస్థ పూర్తిగా గౌరవించాలి. ఇంటర్వ్యూలో మొహమాటపడకుండా అడగండి. చాపెల్‌కు రావడం తప్పనిసరా? నా అభిప్రాయం, సంస్థ అభిప్రాయం ఒకచోట కలవకపోతే ఏమవుతుంది? ఆ జవాబు రాతలో ఉందా?

రీడింగులు వండడం

దీని గురించి కాస్త వివరంగా చెప్పాలి. నా ఉద్యోగంలో ఇంతకంటే ముఖ్యమైన చోటు నాకు తెలియదు.

టైట్రేషన్ ప్రాక్టికల్ తీసుకోండి. ఒక ద్రావణాన్ని కొలిచి చుక్కచుక్కగా పోస్తూ రెండో ద్రావణం గాఢత కనుక్కోవడం అది. కొలత గీతలున్న గాజు గొట్టం బ్యూరెట్‌లో సోడియం హైడ్రాక్సైడ్, ఫ్లాస్కులో ఆమ్లం, అందులో రంగు మారి చూపే ఫినాఫ్తలీన్ రెండు చుక్కలు. లేత గులాబీ రంగు వచ్చి అరనిమిషం నిలిస్తే అదే ఎండ్ పాయింట్. రీడింగులు 0.1 మి.లీ. తేడాలోపు కలవాలి. మొదటిసారి 9.8, రెండోసారి 10.3, మూడోసారి 10.0 వచ్చిన విద్యార్థి ఏం చేస్తాడు? గడియారం చూస్తాడు, పక్క బెంచీ రికార్డు చూస్తాడు, మూడు గళ్లలోనూ 10.1 అని రాసేస్తాడు. వాళ్ల భాషలో దీని పేరే రీడింగులు వండడం. కొత్తగా బ్యూరెట్ పట్టిన చేతికి వరసగా మూడుసార్లు ఒకే అంకె వచ్చిందంటే నేను ముందు ఆ రికార్డు దగ్గరే ఆగుతాను.

వాడిని తిట్టే ముందు మీ మార్కుల పద్ధతి చూసుకోండి. అసలు విలువకు దగ్గరగా వచ్చినవాడికే మార్కులన్నీ వేస్తుంటే, నిజం రాసినవాడికి నష్టం, వండినవాడికి లాభం. నిజాయితీ మీద చాపెల్‌లో ఎంత మాట్లాడినా ల్యాబ్‌లో నేర్పుతున్నది దానికి తిరగేసి.

నా పద్ధతి ఇది. ప్రాక్టికల్‌కు పది మార్కులైతే విలువ దగ్గరగా రావడానికి మూడే. మిగతా ఏడూ రాసిన తీరుకు. రీడింగు చూసిన వెంటనే పెన్నుతో రాశాడా? కొట్టేసిన అంకె చదవడానికి వీలుగా ఒక్క గీతతోనే కొట్టేశాడా? తేడా ఎందుకు వచ్చిందో రెండు వాక్యాలు రాశాడా? బ్యూరెట్ కొసలో గాలిబుడగ ఉండిపోయిందనో, ద్రవ మట్టానికి సమంగా కన్ను పెట్టలేదనో, రంగు ముదిరేదాకా కుళాయి కట్టలేదనో రాసిన విద్యార్థికి ఆ రోజు పాఠం వచ్చినట్టే. చిత్తుకాగితం మీద రాసుకుని తర్వాత రికార్డులోకి ఎక్కిస్తానంటే ఒప్పుకోను. బెంచీల మధ్య తిరుగుతూ ప్రతి రీడింగు పక్కనా పొడి అక్షరాలు వేస్తాను. పూర్తికానివాళ్ల కోసం ఇంకో రోజు ల్యాబ్ తెరిపిస్తాను, ఎందుకంటే వండడానికి సగం కారణం టైం చాలకపోవడమే. దీనికి ల్యాబ్ అసిస్టెంటును ఒప్పించాలి. ఆయన సమయం మీది కాదు, ముందే అడగండి.

రాబర్ట్ బాయిల్ గురించి ఈ రోజే చెబుతాను. వాయువుల పీడనానికీ ఘనపరిమాణానికీ ఉన్న సంబంధం మీద 1662లో ఆయన ప్రకటించిన నియమం పిల్లలకు స్కూల్లోనే వచ్చు. ఆయన గట్టి విశ్వాసి, బైబిల్ అనువాదాలకు సొంత డబ్బు పెట్టినవాడు అన్నది తక్కువమందికి తెలుసు. 1661లో అచ్చయిన ఆయన వ్యాసాల్లో రెండు, పూర్తిగా విఫలమైన ప్రయోగాల మీదే ఉన్నాయి. పదార్థం శుద్ధంగా లేక, పరిస్థితులు మారి ప్రయోగాలు ఎలా బెడిసికొడతాయో దాచకుండా రాశాడు. “బాయిల్‌గారు తప్పిపోయినవి కూడా రాసిపెట్టారు, మీరూ రాయండి” అంటాను. ఆ రోజుకు దేవుడి మాట అంతే.

మీది వేరే సబ్జెక్టు అయితే వంట ఎక్కడ జరుగుతోందో మీరే వెతకాలి. కామర్స్‌లో ట్రయల్ బ్యాలెన్స్ కలవకపోతే ఏదో ఒక అంకె మార్చి కలిపేస్తారు. చరిత్రలో చదవని పుస్తకాన్ని ఆధారంగా చూపిస్తారు. సాహిత్యంలో కవిత చదవకుండానే గైడులోని అభిప్రాయాన్ని తమదిగా రాస్తారు. ఆ చోటు దొరికాక మార్కులను అక్కడికి జరపండి.

“మేడమ్, రెండు మార్కులు చూడండి”

“మీరు ప్రభువును ఎరిగినవారు, కాస్త దయ చూపండి మేడమ్.” ఈ మాట మీకూ తప్పదు. కాస్త బైబిల్ తెలిసినవాళ్లయితే ద్రాక్షతోట కూలీల ఉపమానం తీస్తారు. చివరి గంటలో వచ్చినవాడికీ యజమాని పూర్తి కూలి ఇచ్చాడు కదా అంటారు. తెలివైన వాదనే. అయితే ఆ యజమాని ఇచ్చింది తన డబ్బు. మార్కులు నా సొమ్ము కావు. ఈ అబ్బాయికి ఇంత వచ్చు అని ముక్కూమొహం తెలియని మూడో మనిషికి నేను రాసిచ్చే సాక్ష్యం అవి. రేపు వీడు మందుల కంపెనీలో నాణ్యత పరీక్షలు చేస్తే ఆ మందు మింగేవాళ్లు నా సంతకాన్ని నమ్మినవాళ్లు. అబద్ధ సాక్ష్యం పలకవద్దన్న ఆజ్ఞ వాల్యుయేషన్ గదికీ వర్తిస్తుంది.

దయకు చోటు పరీక్ష ముందు ఉంది, కావలసినంత ఉంది. సెమిస్టర్ మొదట్లోనే ఒక చిన్న పరీక్ష పెట్టండి, మార్కులు లెక్కలోకి రావని చెప్పి మరీ పెట్టండి. ఎవరు మునుగుతున్నారో అప్పుడే తెలుస్తుంది. బాగా రాయని అసైన్‌మెంటు ఒక్కసారి తిరిగి రాసుకోనివ్వండి, ఆ వీలు క్లాసంతటికీ ఉండాలి. వచ్చి ఏడ్చినవాడికే గడువు పెంచితే, ఏడవడం రానివాడికి అన్యాయం చేసినట్టు. పేపర్లు దిద్దేటప్పుడు పేరున్న పేజీ మడిచి పెట్టండి. మొదటి ప్రశ్న అన్ని పేపర్లలో దిద్దాక రెండో ప్రశ్నకు వెళ్లండి. చాపెల్‌లో గిటారు వాయించే కుర్రాడి పేపరు మన చేతిలో కొంచెం తేలిగ్గా నడుస్తుంది, మనకే తెలియకుండా.

తప్పిపోయిన గొర్రె కోసం తొంభైతొమ్మిదింటిని విడిచి వెళ్లిన కాపరి కథ టీచర్ల మీటింగుల్లో బాగా వినిపిస్తుంది. ఆ తొంభైతొమ్మిది కూడా ఫీజు కట్టి కూర్చున్నాయని ఎవరూ అనరు. వెనకబడ్డవాళ్లకు నా సమయం క్లాసు బయట, వారంలో ఫలానా గంట అని తలుపు మీద రాసి ఉంటుంది. క్లాసు గంట క్లాసుదే.

ప్రార్థన, అధికారం

మీ ముందు కూర్చున్నవాళ్లలో విశ్వాసులు, వేరే మతాలవాళ్లు, ఏ నమ్మకమూ లేనివాళ్లు, ఇంట్లో బలవంతం మీద నమ్ముతున్నామని చెప్పుకునేవాళ్లు ఉంటారు. వీళ్లందరి మార్కులూ మీ చేతిలో ఉన్నాయి. ఈ ఒక్క విషయం మరచిపోతే మంచి ఉద్దేశమే బలవంతంగా మారుతుంది.

ప్రార్థనతో క్లాసు మొదలుపెట్టే ఆనవాయితీ మీ కాలేజీలో ఉంటే ఒక్క నిమిషంలో ముగించండి. మీరే చేయండి. హాజరు పట్టీ చూసి పేరు పిలిచి ప్రార్థన చేయించడం, ఎవరు తలవంచారో గమనించడం వద్దు. ప్రార్థనలో సిలబస్ హెచ్చరికలు దూర్చడం అసలే వద్దు. “ప్రభువా, అసైన్‌మెంట్ ఇవ్వనివారి మనసు మార్చు” అన్న ప్రార్థన చెవులారా విన్నాను. అది దేవుడితో మాట్లాడటం కాదు, వెనక బెంచీతో మాట్లాడటం.

మీ నమ్మకం గురించి ఎవరైనా నేరుగా అడిగితే నేరుగా చెప్పండి. దాచుకుంటే అదీ ఒక నటనే. అడగకపోతే పాఠం చెప్పండి. ఎవరైనా ఇంకా లోతుగా మాట్లాడాలంటే ఆ సెమిస్టర్ మార్కులు వేయడం అయిపోయాక మాట్లాడతానంటాను, లేదా కాలేజీ మతగురువు అయిన చాప్లెన్ దగ్గరికి పంపుతాను. ఆయన చేతిలో ఎవరి మార్కులూ లేవు. నిజంగా ఆసక్తి ఉన్నవాళ్లు సెలవుల తర్వాతైనా వస్తారు.

భూమి వయసు అడిగినప్పుడు

రేడియోధార్మికత పాఠం వచ్చినప్పుడల్లా ఒక చెయ్యి లేస్తుంది. “మేడమ్, మా పాస్టర్‌గారు భూమి వయసు కొన్ని వేల ఏళ్లే అన్నారు.” క్లాసు మొత్తం నా మొహం చూస్తుంది. నవ్వితే ఆ పిల్ల ఇక నోరు తెరవదు. తప్పించుకుంటే మిగతావాళ్లు నన్ను నమ్మరు.

ముందు లెక్క పూర్తిగా చెబుతాను. కార్బన్-14 అర్ధాయువు, అంటే అందులో సగం క్షయం కావడానికి పట్టే కాలం, 5,730 సంవత్సరాలు. సుమారు 50,000 ఏళ్లు దాటిన వస్తువులో కొలవడానికి చాలినంత మిగలదు, కాబట్టి భూమి వయసుకు ఆ పద్ధతి పనికిరాదు. పనికొచ్చేది యురేనియం-238, దాని అర్ధాయువు దాదాపు 447 కోట్ల ఏళ్లు. అది క్షయమై చివరికి సీసం అవుతుంది. శిలల్లోనూ ఉల్కల్లోనూ ఇలాంటి నిష్పత్తులు కొలిస్తే భూమి వయసు సుమారు 454 కోట్ల ఏళ్లని తేలింది. పరీక్షలో ఇదే రాయాలి, అర్థం చేసుకుని రాయాలి.

తర్వాత రెండో మాట. సృష్టి కథ ఉన్న బైబిల్ మొదటి పుస్తకం ఆదికాండాన్ని ఎలా చదవాలన్న దాని మీద విశ్వాసుల్లోనే అనేక అభిప్రాయాలు ఉన్నాయని, ఆ చర్చ ఎక్కడ చదవొచ్చో చెబుతాను. బఠానీ మొక్కలతో వంశపారంపర్య సూత్రాలు కనిపెట్టిన గ్రెగర్ మెండెల్ అగస్టీనియన్ మఠవాసి. విశ్వం వ్యాకోచిస్తోందని 1927లో లెక్కకట్టి చూపిన జార్జ్ లెమైత్ర్ కాథలిక్ మతగురువు. ఈ పేర్లతో వాదన గెలవలేం, గెలవాలని కూడా నాకు లేదు. ఆ పిల్ల తన సంఘానికీ తన సబ్జెక్టుకూ మధ్య ఇవాళే ఒకటి తేల్చుకోవాల్సిన అవసరం లేదని తెలిస్తే చాలు. పాస్టర్‌గారి మీద నేను ఒక్క మాట అనను. ఆయన ఆ కుటుంబానికి కష్టంలో తోడున్న మనిషై ఉండొచ్చు.

చెప్పిందే చెప్పడం

కొత్తవాళ్లు ఊహించని కష్టం ఇది. ఆవర్తన పట్టిక ఏటా మారదు. అదే పాఠం, అవే ప్రశ్నలు, అవే తప్పులు. సుమారు క్రీ.శ. 400లో ఉత్తర ఆఫ్రికాలోని కార్తేజ్‌లో ఒక డీకన్ (చర్చి సేవకుడు), కొత్తగా వచ్చినవాళ్లకు విశ్వాస పాఠాలు చెబుతుంటే తనకే విసుగొస్తోందని బిషప్ ఆగస్టీన్‌కు మొరపెట్టుకున్నాడు. ఆగస్టీన్ ఇచ్చిన జవాబు ఈ వృత్తిలో నాకు అన్నిటికంటే పనికొచ్చింది. తన ప్రసంగం తనకూ దాదాపు ఎప్పుడూ నచ్చదని ఒప్పుకున్నాడు. తర్వాత అన్నాడు: మనం రోజూ చూసే అందమైన చోట్లను మొదటిసారి వచ్చిన స్నేహితుడికి చూపిస్తుంటే, అతని సంతోషం వల్ల మనకూ అవి కొత్తగా కనిపిస్తాయి కదా అని. నిలబడి వింటూ అలసిపోయినవాడికి కుర్చీ వేయమని కూడా రాశాడు. అంత పెద్ద వేదాంతి కుర్చీ దాకా ఆలోచించాడు.

ఆచరణలో ఇలా చేయండి. ఏటా పాత నోట్సులో ఒక పాఠం పక్కన పడేసి మొదటినుంచి రాసుకోండి. పాఠం మొదట్లో “ఇది ఏమవుతుందనుకుంటున్నారు?” అని అడిగి, వాళ్ల ఊహలు బోర్డు మీద రాయించండి. ఊహలు ఏ రెండేళ్లూ ఒకలా ఉండవు. వేగం కూడా చూసుకోవాలి, ఎందుకంటే తెలిసిన పాఠాన్ని పరుగెత్తించడం అనుభవం తెచ్చే జబ్బు. మైకేల్ ఫారడే అంతటి ఉపన్యాసకుడు, చిన్న క్రైస్తవ సంఘమొకదానిలో సంఘపెద్దగా ఉన్న విశ్వాసి, తాను మాట్లాడేటప్పుడు “నెమ్మదిగా” అని రాసిన అట్టముక్క కళ్లెదుట పెట్టించుకునేవాడు. నేను చివరి బెంచీ విద్యార్థికి ఆ పని అప్పగిస్తాను. వేగం పెరిగితే చెయ్యి ఎత్తాలి. ఆ ఉద్యోగానికి పోటీ బాగానే ఉంటుంది.

జీతం, విశ్రాంతి

“ఇది ఉద్యోగం కాదు, పరిచర్య” అన్న మాట జాగ్రత్తగా వినండి. మీరు మీతో అనుకుంటే బలం. జీతం పెంచమన్నప్పుడు, అదనపు సెక్షన్ వద్దన్నప్పుడు మేనేజ్‌మెంట్ నోటి నుంచి వస్తే అది వేరే సంగతి. పనివాడు తన జీతానికి పాత్రుడన్న మాట కూడా అదే బైబిల్‌లో, లూకా సువార్త పదో అధ్యాయంలో ఉంది.

టీచర్ల పాలక పునీతుడిగా, అంటే వాళ్లకు అండగా ఉండే పునీతుడిగా, 1950లో కాథలిక్ సంఘం ప్రకటించిన జాన్ బాప్టిస్ట్ డి లా సాల్ కథ మేనేజ్‌మెంట్లకు తెలియాలి. 17వ శతాబ్దపు ఫ్రాన్సులో పేదపిల్లల బడుల కోసం టీచర్లను కూడగట్టాడు. రేపటి గురించి బెంగపడకండి, దేవుడు చూసుకుంటాడని వాళ్లకు చెప్పేవాడు. మీకు ఆస్తి ఉంది, సంఘంలో పదవి ఉంది, మీరు ఎన్నైనా చెబుతారని వాళ్లు మొహం మీదే అన్నారు. ఆయన కోప్పడలేదు. పదవి వదులుకున్నాడు, 1684 ప్రాంతపు కరువులో ఆస్తి పంచిపెట్టేశాడు. త్యాగం గురించి మాట్లాడే అర్హత ఆ తర్వాత వచ్చింది. మా జీతాల మీటింగులో ఈ కథ ఓసారి చెప్పాను. కాఫీ విరామం ముందే ప్రకటించారు.

వారంలో ఒక రోజు పేపర్లు, మెసేజులు రెండూ ముట్టుకోవద్దు. మొదటి రోజే క్లాసుకు చెప్పేయండి, వాళ్లూ అలవాటు పడతారు.

గదిలోకి వచ్చి ఏడ్చేవాళ్లు

మీ సబ్జెక్టు ఏదైనా సరే, వస్తారు. తలుపు తెరిచే ఉంచండి, ఎదురుగా కూర్చోబెట్టండి, ఫోన్ బోర్లించండి. ముందు వినండి. వచనం చెప్పాలన్న ఆత్రం ఆపుకోండి. ఎవరికీ చెప్పనని మాట ఇవ్వొద్దు. ప్రాణం తీసుకోవాలని ఉందన్నా, ఎవరైనా హింసిస్తున్నారన్నా ఆ సంగతి మీ ఒక్కరి దగ్గర ఉండకూడదు. కౌన్సెలర్ దగ్గరికి కబురు పంపి ఊరుకోకండి, వెంట నడిచి వెళ్లండి. ప్రార్థన చేయమంటారా అని అడగొచ్చు, వద్దంటే మామూలుగా తీసుకోండి. కౌన్సెలింగ్ మీకు రాదు, వచ్చినట్టు నటించొద్దు.

సిఫారసు లేఖలు

చివరి సంవత్సరం వాళ్లు ఈ పని మీద వస్తారు, అదీ గడువుకు ముందు రోజు. సెమిస్టర్ మొదట్లోనే నియమం చెప్పండి: రెండు వారాల ముందు అడగాలి, బయోడేటాతో పాటు నా క్లాసులో చేసిన ఒక పని తేవాలి. “కష్టపడే మనస్తత్వం, దైవభక్తి కలవాడు” అన్న లేఖ ఎవరికీ ఉపయోగపడదు. రీడింగు తప్పిందని తానే వచ్చి చెప్పి ప్రాక్టికల్ మళ్లీ చేసిన రోజు గురించి రాస్తే చదివేవాళ్లకు మనిషి కనిపిస్తాడు. అందుకే నా దగ్గర ఒక నోటు పుస్తకం ఉంటుంది, ఇలాంటివి జరిగిన రోజే ఒక వాక్యం రాసుకుంటాను. మంచిగా రాయలేని విద్యార్థి అడిగితే ఆ రోజే చెప్పేయండి, “నాకంటే నిన్ను బాగా ఎరిగినవాళ్లను అడుగు నాయనా” అని. గడువు దగ్గరపడేదాకా నాన్చి బలంలేని లేఖ చేతిలో పెట్టడం కంటే అది నయం. ఇంకో లెక్చరర్ పేరు కూడా సూచించండి, ఆయనకు ముందుగా ఫోన్ చేసి.